ట్రక్కులో సీబీ రేడియో, 3వ పాఠం: గ్రౌండ్ కుదరని యాంటెన్నా

గత పాఠంలో సీబీ రేడియో (బండి నుంచి బండికి మాట్లాడుకునే రేడియో) వెనక నుంచి అద్దం బ్రాకెట్ దాకా కోయాక్స్ కేబుల్ (మధ్యలో తీగ, చుట్టూ లోహపు అల్లిక ఉండే యాంటెన్నా కేబుల్) లాగడం చూశాం. అంతా బిగించి మైక్ నొక్కాక చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటుంది. పక్కనున్న బండికి మాట వినిపిస్తుంది, రెండు కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు మాత్రం ఏమీ అందదు. రేడియోలో పవర్ లేదనుకుంటాం. కొత్త రేడియో, పొడుగాటి యాంటెన్నా కొనేస్తాం. అయినా ఇబ్బంది అలాగే ఉంటుంది, ఎందుకంటే చాలాసార్లు లోపం ఆ రెండిటిలోనూ ఉండదు. యాంటెన్నా బిగించిన చోట, బోల్టు కింద, పెయింటు పొరలో ఉంటుంది.

ఈ పాఠం మొత్తం ఆ బోల్టు చుట్టూనే తిరుగుతుంది. కాస్త ఓపికగా చదవండి.

సీబీ రేడియో 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అమెరికాలో 40 ఛానెళ్లు 26.965 నుంచి 27.405 దాకా ఉంటాయి, ఏఎం పద్ధతిలో అనుమతించిన పవర్ 4 వాట్లు. ఈ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో పావు వంతు, అంటే సుమారు 2.75 మీటర్లు, యాంటెన్నాకు సహజమైన కొలత. ట్రక్కు మీద కనిపించే పొట్టి యాంటెన్నాలు లోపల వైరు చుట్టలతో ఆ లోటు పూడ్చుకుంటాయి.

అయితే పైకి కనిపించే ఆ కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం ట్రక్కు లోహం, దీన్నే యాంటెన్నాకు గ్రౌండ్ అంటాం. కడ్డీలోకి కరెంటు ఎక్కాలంటే అంతే కరెంటు కోయాక్స్ పై అల్లిక ద్వారా బ్రాకెట్‌లోకి, అక్కడి నుంచి క్యాబిన్ రేకులోకి పారాలి. ఆ దారి మూసుకుపోతే కడ్డీ ఎంత మంచిదైనా సిగ్నల్ బయటికి వెళ్లదు, పవర్ రేడియో వైపే తిరిగొస్తుంది. తిరిగొచ్చేది ఎంతో చెప్పేదే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు. 1.5 చూపిస్తే తిరిగొచ్చేది 4 శాతం, 2 దగ్గర 11 శాతం, 3 దగ్గర పావు వంతు. 3 దాటితే ఎక్కువసేపు మైక్ నొక్కి పట్టుకోకండి, రేడియో చివరి దశలోని ట్రాన్సిస్టర్లు పోవచ్చు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. 'నెగటివ్ వైరు బ్యాటరీకి కలిపాను, ఇక గ్రౌండ్ ఉన్నట్టే కదా' అని అడుగుతారు. అది రేడియోకి కరెంటు ఇచ్చే గ్రౌండ్. యాంటెన్నాకు కావాల్సింది వేరు. డీసీ కరెంటుకు సన్న వైరు చాలు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం ఒక మీటరు సన్న వైరే వంద ఓమ్‌లకు పైగా అడ్డుపడుతుంది. మల్టీమీటర్ పెడితే అదే వైరు సున్నా చూపిస్తుంది. ఈ తేడా తెలియకే ఎంతోమంది రోజులకు రోజులు పోగొట్టుకుంటారు. యాంటెన్నా గ్రౌండ్‌కు పొట్టిది, వెడల్పైనది కావాలి. లోహానికి లోహం నేరుగా ఆనడం అన్నిటికంటే మంచిది. అలా కుదరనిచోట వెడల్పాటి రాగి అల్లిక పట్టీ వేయాలి.

ఇప్పుడు అద్దం బ్రాకెట్ నుంచి కరెంటు నడిచే దారిని మనసులో గీసుకోండి. బ్రాకెట్ అద్దం గొట్టం మీద ఉంది, గొట్టానికి పౌడర్ పెయింటు. గొట్టం తలుపుకి బిగించి ఉంది, మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు. తలుపు గ్రీజు పూసిన కీళ్ల మీద వేలాడుతోంది. క్యాబిన్ ఏమో రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంది. ఎన్ని చోట్ల తెగిపోవచ్చో చూశారా! కొన్ని ట్రక్కుల్లో క్యాబిన్ పైభాగం ఫైబర్‌గ్లాసే, అక్కడ బిగించిన యాంటెన్నాకు కింద లోహమే ఉండదు. అలాంటి చోటుకు గ్రౌండ్ అక్కర్లేని రకం యాంటెన్నా కిట్లు వేరుగా దొరుకుతాయి. వాటి కేబుల్‌ను వాటితోనే వాడాలి, పొడవు కత్తిరించకూడదు.

ఇక పరీక్షలు. రేడియో ఆపి, కోయాక్స్‌ను రేడియో వెనక నుంచి విప్పండి. మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి ముందు రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించండి. అప్పుడు వచ్చే అంకె తీగలదే. దాన్ని గుర్తుంచుకుని ప్రతి కొలతలోంచీ తీసేయండి.

ఒక మొన బ్రాకెట్ లోహం మీద, రెండోది ఛాసిస్ మీద పెయింటు లేని చోట ఆనించండి. అర ఓమ్ లోపు ఉండాలి. అంకె ఊగుతున్నా, ఓమ్‌లలోకి వెళ్లినా దారిలో ఎక్కడో అడ్డు ఉంది. తలుపు తీసి, వేసి మళ్లీ చూడండి. తలుపు కదిపినప్పుడే అంకె మారితే లోపం కీలు దగ్గరే.

తర్వాత కడ్డీని బ్రాకెట్ నుంచి విప్పేసి, కోయాక్స్ కనెక్టర్ మధ్య పిన్నుకీ పై లోహానికీ మధ్య కొలవండి. ఏ కలయికా ఉండకూడదు. ఉంటే, స్టడ్ (కడ్డీని బిగించే మర) కింద ఉండే నైలాన్ వాషర్ పగిలిందో, తలకిందులుగా పడిందో చూడండి. ఆ చిన్న వాషరే మధ్య తీగను బాడీకి తగలకుండా ఆపేది. కడ్డీ ఉండగానే కొలిస్తే మోసపోతారు, కొన్ని యాంటెన్నాలు లోపలి చుట్ట వల్ల బాగున్నా షార్ట్ ఉన్నట్టే చూపిస్తాయి.

చివరగా మధ్య పిన్ను నుంచి స్టడ్ దాకా. దాదాపు సున్నా రావాలి. కొలుస్తూనే కేబుల్‌ను పొడుగునా వంచుతూ, కదుపుతూ వెళ్లండి, ముఖ్యంగా తలుపు సందులో నలిగే చోట.

అడ్డు దొరికితే మరమ్మతు కష్టం కాదు. బ్రాకెట్ ఆనే చోట పెయింటును ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకాలి. పళ్లున్న వాషర్ వేసి బిగించి, బయటివైపు గ్రీజు పూయాలి, లేకపోతే మొదటి వర్షాలకే తుప్పు పడుతుంది. కీలు దగ్గర తలుపు నుంచి క్యాబిన్‌కు అల్లిక పట్టీ వేయండి. తలుపు తెరుచుకునేంత వదులు చాలు. క్యాబిన్ నుంచి ఛాసిస్‌కు ఇంకో పట్టీ. రెండు అద్దాలకూ యాంటెన్నాలు ఉంటే రెండు వైపులా ఒకేలా చేయాలి.

నాకు తెలిసిన ఒక డ్రైవర్ ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గట్లేదని యాంటెన్నా కొనను రెండుసార్లు కత్తిరించాడు. బ్రాకెట్ కింద పెయింటు గీకాక గ్రౌండ్ కుదిరింది, అప్పటికి కడ్డీ పొట్టిదైపోయింది. అందుకే గట్టిగా చెబుతున్నాను, గ్రౌండ్ సరిచేయకుండా కడ్డీ పొడవు ముట్టుకోకండి.

గ్రౌండ్ కుదిరాకే మీటరు తగిలించండి. షెడ్లు, ఇతర వాహనాలు లేని ఖాళీ స్థలంలో తలుపులు మూసి, ఛానెల్ 1, 19, 40 మీద కొలవండి. మైక్ నొక్కినప్పుడు ఎవరూ కడ్డీని తాకకూడదు, చర్మం కాలొచ్చు. మూడింటి మీదా 3 దాటితే గ్రౌండ్‌లోనో కేబుల్‌లోనో లోపం ఇంకా మిగిలే ఉంది. 1 మీద ఎక్కువ, 40 మీద తక్కువ ఉంటే కడ్డీ పొట్టిగా ఉంది, స్క్రూ తిప్పి పెంచండి. 40 మీద ఎక్కువైతే పొడుగైంది, తగ్గించండి. అన్నీ 2 లోపు ఉంటే నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు. 1.5 లోపు వస్తే ఇక దాన్ని కదపొద్దు.

అయితే అంకె తక్కువ ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. నీళ్లు దిగిన కేబుల్ పవర్‌ను వేడిగా మార్చి తనే మింగేస్తుంది, తిరిగొచ్చేది తక్కువ కాబట్టి మీటరు అందమైన అంకె చూపిస్తుంది. కనెక్టర్ విప్పినప్పుడు లోపలి అల్లిక నల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ కేబుల్ మార్చేయండి, ఆరబెట్టినా పనికిరాదు.

వినడం సంగతికి వస్తే ఒక సులువైన పరీక్ష ఉంది. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు చప్పుడు ఆపే బుడిపె) పూర్తిగా తెరిచి, మైక్ ముట్టుకోకుండా, వెనక కోయాక్స్ విప్పండి. బుస్ మనే చప్పుడు బాగా తగ్గాలి. తగ్గకపోతే యాంటెన్నా నుంచి రేడియోకి ఏమీ అందట్లేదని అర్థం, కేబుల్ మళ్లీ చూడండి. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత కోయాక్స్ విప్పినా వినిపిస్తుంటే అది కరెంటు వైర్ల నుంచి వస్తోంది. దాని సంగతి 4వ పాఠంలో, ఆల్టర్నేటర్, ఛార్జర్ల చప్పుళ్లతో కలిపి చూద్దాం.

ఈలోపు మీ ట్రక్కులో పై కొలతలన్నీ తీసి, తలుపు తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి పుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే మొదలుపెడతాం.