రోబోకి గోంగూరా ఒకటే, గడ్డీ ఒకటే

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మే నెల సగం గడిచి మంచు భయం తగ్గిందంటే మనవాళ్ళ పెరటి మడుల్లో గోంగూర, తోటకూర, బీర, సొర అన్నీ ఒకేసారి మట్టిలోకి దిగుతాయి. కలుపు తీయడానికి టెర్టిల్ లాంటి రోబోను వదలాలనుకుంటే ఆ మొదటి వారాల్లోనే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఎదిగిన మొక్కకు దాంతో పెద్దగా టెన్షన్ లేదు. ముప్పంతా లేత మొలకకే.

ఇల్లు ఊడ్చే రోబో రూంబాను తయారుచేసినవాళ్ళలో ఒకరైన జో జోన్స్ ఈ టెర్టిల్‌ను 2017లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్ ద్వారా జనం ముందుకు తెచ్చారు. పైన సోలార్ పలక, కింద గిరగిరా తిరిగే చిన్న నైలాన్ తీగ ఉంటాయి. ఆకును చూసి ఇది ఫలానా మొక్క అని గుర్తుపట్టే తెలివి దానికి లేదు. మొక్క, రోబో ముందువైపున్న సెన్సార్‌కు తగిలేంత ఎత్తుంటే పక్కకు తిరుగుతుంది, సెన్సార్ కిందికి దూరిపోయేంత పొట్టిగా ఉంటే కోసేస్తుంది. చక్రాల సంగతి చాలామందికి తట్టదు. అవి మట్టిని గీకుతూ తిరుగుతాయి కాబట్టి విత్తనం వేసిన చోటికి వెళ్తే తీగ తగలకపోయినా మొలక బతకడం కష్టం.

అందుకే టమాటా, వంకాయ, మిరప నారును కుండీల్లో కాస్త ఎత్తుగా పెంచి నాటడం మేలు. నాలుగంగుళాలు దాటేదాకా ఒక్కో మొక్క చుట్టూ చిన్న కంచెలాంటి తీగ గార్డు గుచ్చాలి. రోబోతో వచ్చినవి చాలకపోతే ఇనుప జాలీ ముక్కను గుండ్రంగా చుట్టి, మట్టిలోకి గట్టిగా దించితే సరిపోతుంది. పేపర్ కప్పులు వద్దు, నెట్టుకుంటూ పోతుంది. వానపడ్డాక గార్డులు ఒరుగుతాయి, అవి సరిచేశాకే రోబోను వదలండి. వరుసల మధ్య అడుగు ఖాళీ లేకపోతే అది తిరగలేదు.

అసలు చిక్కు మన ఆకుకూరలతోనే. కొత్తిమీర, మెంతికూర, తోటకూర మనం చల్లి పెంచుతాం. అలా చల్లిన మడిలో ప్రతి మొలకకూ గార్డు పెట్టడం అయ్యే పని కాదు. నా మాట వింటే ఆ మడిని పూర్తిగా వేరుచేసి, రెండంగుళాల ఎత్తుకు తగ్గని చెక్కపలకను అడ్డం పెట్టండి. అక్కడ కలుపు చేత్తోనే తీసుకోవాలి. తోటకూర మళ్ళీ చిగురిస్తుందని కింది దాకా కోసేవాళ్ళకు ఇది మరీ అవసరం. రోబో లెక్కలో ఆ మోడు కూడా కలుపే.

బీర, సొర తీగలు ఎంత పొడవు సాగినా నేలమీద పడుకున్న కొస పొట్టిదే. తీగ సాగడం మొదలవగానే పందిరికి ఎక్కించండి. గంగవాయిలిని అక్కడివాళ్ళు కలుపంటారు, మనం పప్పులో వేసుకుంటాం. నేలబారుగా పాకే ఆ కూర కావాలంటే కుండీలో పెంచుకోవడమే.

ఇంకోటి. రోబోను దించేముందు ఎదిగిన కలుపంతా పీకేయాలి. మోకాలెత్తు గడ్డి కనిపిస్తే అది మన మొక్కే అనుకుని ఎంతో మర్యాదగా తప్పుకుంటుంది. ఎత్తి చూసేముందు స్విచ్ ఆపండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.