ఘాట్ ఎక్కితే కూలెంట్ పొంగుతోందా? ముందు క్యాప్ చూడండి

విశాఖలో తిరిగినన్నాళ్లూ నా కారుకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అరకు బయలుదేరి, శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ ఉండే రిజర్వ్ బాటిల్ పొంగి బానెట్ కిందనుంచి తియ్యటి వాసన వచ్చేది. పిల్లలు వెనక సీట్లో, నాకేమో ఒకటే టెన్షన్. రెండుసార్లు కూలెంట్ మార్పించాను. ఒక గ్యారేజీలోనైతే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే వాల్వు) పీకేద్దామన్నారు. చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఇంజిన్ జోలికే పోలేదు. చల్లారిన రేడియేటర్ క్యాప్ తీసి, అడుగున ఉన్న రబ్బరు సీలును గోటితో మీటి చూపించారు. గోరు దిగేంత పగులు. కొత్త క్యాప్ వేశాక అదే ఘాట్ ఎక్కాను, ముల్లు సగం దాటలేదు.

బీచ్ రోడ్డు దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. 900 మీటర్లకు పైన ఉన్న అరకులో 97 దగ్గరే మరుగుతాయి. ఇంజిన్ హెడ్‌లో, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే పై భాగంలో, కొన్నిచోట్ల వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా కూలెంట్ మరగడం లేదంటే అది ప్రెషర్ చలవే. కుక్కర్ మీద వెయిట్ చేసే పనే ఇక్కడ క్యాప్‌లోని స్ప్రింగ్ చేస్తుంది. క్యాప్ మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె ఆ ప్రెషర్, బార్‌లలో. 0.9 బార్ నిలిస్తే ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. సగం నీళ్లు, సగం కూలెంట్ అయితే ఇంకా పైకి పోతుంది. అందుకే "క్యాప్ కాస్త లూజుగా పెట్టండి, ప్రెషర్ తగ్గుతుంది" అని ఎవరు చెప్పినా దయచేసి వినొద్దు. ప్రెషర్ పోతే కూలెంట్ ముందే మరిగి, హెడ్‌లో ఆవిరి బుడగలు చేరతాయి. బుడగ చేరిన చోట లోహం చల్లబడదు.

క్యాప్ ఎప్పుడు తీసినా ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయండి. వేడి మీద క్యాప్ తిప్పితే ఆ ప్రెషరంతా మరిగే నీళ్లతో సహా ముఖం మీదికి వస్తుంది. ఇంజిన్ ఆపినా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, చేతులు జాగ్రత్త.

ఊళ్లో బాగుంటుంది, ఘాట్‌లో పొంగుతుంది

పై కథంతా ఇదే. బాగా నడిపాక ఇంజిన్ ఆపి, మందపాటి గుడ్డ అడ్డం పెట్టుకుని రేడియేటర్ పైభాగం నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోస్ పైపును నొక్కండి. గట్టిగా బిగిసి ఉండాలి. మెత్తగా నొక్కుకుపోతే ప్రెషర్ ఎక్కడో పోతోంది. ముందు అనుమానించాల్సింది క్యాప్‌నే. సీలు, స్ప్రింగ్ చూసి, పాతదానిపై ఉన్న అంకెతోనే కొత్తది కొనండి. ఎక్కువ అంకెది వేస్తే మేలనుకోవద్దు, ఆ భారం పాత పైపుల మీద, రేడియేటర్ మీద పడుతుంది.

పొద్దున చూస్తే పైపు చప్పిడి అయిపోయి ఉంది

క్యాప్ మధ్యలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు బాటిల్‌లోని కూలెంట్ దాని గుండానే రేడియేటర్‌లోకి తిరిగొస్తుంది. అది పట్టేస్తే లోపల వాక్యూమ్ ఏర్పడి పైపు లోపలికి లాక్కుపోతుంది. దీనికీ కొత్త క్యాపే మందు. బాటిల్‌కు వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయిందేమో కూడా చూడండి.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు

కొన్ని లీకులు ప్రెషర్ ఎక్కితేనే తెరుచుకుంటాయి. చల్లటి ఇంజిన్‌కు చేతిపంపున్న ప్రెషర్ టెస్టర్ బిగించి, క్యాప్ మీదున్న అంకె దాకా కొట్టి, ఓ పావుగంట చూడమనండి. ముల్లు పడితే లీకున్నట్టే. పైపు క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన రంగు మరకలు వెతకండి. సముద్రం పక్కన పార్క్ చేసే వాళ్లు రేడియేటర్ రెక్కల మీద ఇంకాస్త దృష్టి పెట్టాలి, ఉప్పుగాలి వాటిని తినేస్తుంది. ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోందన్నమాట. ఎక్కడ ఒలికినా నీళ్లు పోసి కడిగేయండి. ఆ తీపికి వీధికుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పైపు రాయిలా బిగిసింది

నాకు అన్నిటికంటే భయం దీనితోనే. కూలెంట్ వేడెక్కి వ్యాకోచించడానికి అంత తక్కువ టైమ్ చాలదు. అంటే ఆ ప్రెషర్ సిలిండర్‌లోంచి వస్తోంది, హెడ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. బాటిల్‌లో ఆగకుండా బుడగలు, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ, ఆయిల్ పాలు కలిసిన కాఫీలా మారడం తోడైతే అనుమానం బలపడుతుంది. హెడ్ విప్పే ముందు గ్యాస్ పరీక్ష చేయించండి: బాటిల్‌పైన చేరే గాలిని నీలి ద్రావణంలోకి పీలిస్తే, పొగ వాయువు ఉన్నప్పుడు రంగు పసుపుకు తిరుగుతుంది. నిర్ధారణ అయితే గ్యాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తే చాలదు. వేడికి హెడ్ వంగిందేమో కొలిపించి, అవసరమైతే దాని అడుగును చదును చేసే ఫేసింగ్ చేయించాలి. అప్పటిదాకా కారును నడపకుండా టోయింగ్ బండి మీదే గ్యారేజీకి పంపండి.