ఒంట్లో బాగున్నప్పుడే సర్దుకోండి: కోవిడ్, ఒంటరి గది, ఇమ్యూనిటీ దిగులు

జ్వరం 102 దాటాక ఆలోచన సాగదు. థర్మామీటర్ ఎక్కడ పెట్టామో గుర్తురాదు. డాక్టరు నంబరు ఫోన్లో ఏ పేరుతో దాచామో తట్టదు. ఇంట్లో ఎవరు ఎవరికి దూరంగా ఉండాలో అప్పటికప్పుడు తేలదు. నాకు మొదటిసారి కోవిడ్ వచ్చినప్పుడు ఇదే జరిగింది. రాత్రి పదకొండింటికి వణుకుతూ సొరుగులన్నీ లాగితే థర్మామీటర్ దొరికింది కానీ దాని బ్యాటరీ అయిపోయి ఉంది. అప్పటినుంచీ అడిగినవాళ్ళందరికీ మొదట ఒకటే చెబుతున్నాను: ఈ జబ్బులో తీసుకోవలసిన నిర్ణయాలు సగం ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోవాలి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. వైరస్ మాత్రం పోలేదు, రూపం మార్చుకుంటూ అలలుగా వస్తూనే ఉంది. చాలామందికి ఇప్పుడది కొద్ది రోజుల జ్వరం, గొంతునొప్పి, దగ్గుతో తగ్గిపోతోంది. అందరికీ అంత తేలిగ్గా పోదు. 65 ఏళ్ళు దాటినవాళ్ళు, షుగరు, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు, బాగా ఊబకాయం ఉన్నవాళ్ళు, గర్భిణులు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళ విషయంలో ఇప్పటికీ భయపడవలసిన జబ్బే. మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరున్నారో ముందు చూసుకోండి. మిగతా జాగ్రత్తలన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ఇవాళే చేసిపెట్టుకోండి

పనిచేసే థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్ (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది), వాటికి అదనపు బ్యాటరీలు, పారాసెటమాల్, గడువు దాటని ర్యాపిడ్ టెస్ట్ కిట్లు రెండు మూడు, కొన్ని ఎన్95 మాస్కులు. ఇవన్నీ ఒకే పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. రోజూ వేసుకునే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఉంచుకోండి.

ఒక కాగితం మీద మీ మందుల పేర్లు, మోతాదులు, అలర్జీలు, డాక్టరు నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు రాసి ఆ పెట్టెలోనే పెట్టండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

పెద్ద వయసువాళ్ళు, పైన చెప్పిన జబ్బులున్నవాళ్ళు డాక్టరును ఇప్పుడే ఒక ప్రశ్న అడిగి ఉంచుకోవాలి: "నాకు పాజిటివ్ వస్తే యాంటీవైరల్ మందు అవసరమా, నేను వేసుకునే మందులతో అది పడుతుందా?" వైరస్ పెరగకుండా ఆపే పాక్స్‌లోవిడ్ లాంటి మందును లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి. అందులోని రిటోనవిర్ కొన్ని కొలెస్ట్రాల్ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందుల మోతాదును రక్తంలో ప్రమాదకరంగా పెంచేస్తుంది. జ్వరం వచ్చాక ఇదంతా కనుక్కుంటూ కూర్చుంటే ఆ 5 రోజులూ గడిచిపోతాయి. టీకా సంగతి కూడా ఇప్పుడే అడగండి.

ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇంకో మాట. నమ్మకమైన మనిషి దగ్గర ఒక తాళంచెవి ఉంచండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేయాలి, రెండుసార్లు ఎత్తకపోతే నేరుగా తలుపు దగ్గరకు రావాలి అని ముందే మాట్లాడుకోండి. మొహమాటపడకండి.

టెస్టు, గది, రోజుల లెక్క

లక్షణాలు మొదలైన రోజే ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చిందంటే కోవిడ్ కాదని కాదు. 48 గంటలాగి మళ్ళీ చేసుకోండి. ఈలోగా ఉందనుకునే మెలగండి.

లక్షణాలు మొదలైన రోజును సున్నాగా లెక్కపెట్టండి. లక్షణాలకు ఒకటి రెండు రోజుల ముందే మన నుంచి వైరస్ అంటుకోవడం మొదలవుతుంది, మొదటి కొద్ది రోజుల్లో ఎక్కువగా ఉంటుంది, 8 నుంచి 10 రోజులకు చాలామందిలో బాగా తగ్గిపోతుంది. ఏ దేశంలో ఎన్ని రోజులు విడిగా ఉండమంటారన్నది మారుతూ వచ్చింది. నేను పాటించేది ఇది: కనీసం 5 రోజులు గదిలోనే. ఆ తర్వాత జ్వరం మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుతుంటేనే బయటికి. అప్పుడైనా పదో రోజు దాకా మాస్కుతోనే. జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్ళు, రోగనిరోధక శక్తి బాగా తక్కువున్నవాళ్ళు మాత్రం 20 రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఇతరులకు అంటించగలరు. వాళ్ళు ఎప్పుడు బయటికి రావచ్చో డాక్టరే చెప్పాలి.

గదికి కావలసిన మొదటి లక్షణం కిటికీ. ఈ వైరస్ ముఖ్యంగా గాలిలో తేలే సన్నటి తుంపరల ద్వారా వ్యాపిస్తుంది. అందుకే తలుపు గొళ్ళేన్ని పదిసార్లు తుడవడం కన్నా కిటికీ తెరిచి ఉంచడం ఎక్కువ మేలు. కిటికీలోంచి గాలి బయటికి పోయేటట్టు టేబుల్ ఫ్యాన్ తిప్పి పెట్టండి. ఇంటివైపు తలుపు మూసే ఉండాలి. ఎవరైనా తలుపు తట్టగానే లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఇద్దరూ మాస్కు వేసుకున్నాకే తెరవాలి. మాస్కు ముక్కు దగ్గర తీగను నొక్కి, చుట్టూ గాలి కారకుండా చూసుకోండి. బాత్రూం ఒకటే ఉంటే జబ్బుపడినవాళ్ళు మాస్కుతో వెళ్ళాలి, వచ్చాక కిటికీ తెరిచి కాసేపు ఖాళీగా వదిలేయాలి. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఇంట్లో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అయితే మంచిది.

పాలిచ్చే తల్లులు పాలు మానక్కర్లేదు. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వవచ్చు. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే మాత్రం ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే డాక్టరు దగ్గరకే.

అంకెను ఎలా చదవాలి

రెండో రాత్రి నా ఆక్సీమీటర్ 91 చూపించింది. గుండె దడదడలాడింది. మళ్ళీ పెట్టాను, 90. ఎవర్ని లేపాలా అని తలుపు వైపు చూస్తూ ఉంటే, నా వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయని అప్పుడు తెలిసింది. చేతులు దుప్పట్లో దాచుకుని, రుద్దుకుని, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్ళీ పెడితే 97. ఇంకో వేలికి పెట్టినా 97. అది కొలిచేది వేలి కొసన పారే రక్తంలోంచి వెళ్ళే వెలుతురును. వేలు చల్లబడి రక్తం సరిగా పారకపోయినా, గోళ్ళ రంగు అడ్డొచ్చినా, చెయ్యి కదిలినా అంకె తప్పుతుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్ళలో అసలు కన్నా కాస్త ఎక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. అందుకే ఒక్క అంకె కన్నా, రోజు రోజుకీ అది ఎటు పోతోందన్నది ముఖ్యం.

రోజుకు మూడుసార్లు చాలు. వెచ్చటి వేలు, కదలని చెయ్యి, ఒక నిమిషం ఆగి నిలబడిన అంకె. టైము వేసి నోట్‌బుక్‌లో రాయండి, పక్కనే జ్వరం, నాడి కూడా. 95, ఆపైన ఉంటే సాధారణమే. 93, 94 దగ్గరే ఉంటోందంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. 92కు గానీ ఇంకా కిందికి గానీ దిగితే, సరిగ్గా పెట్టి రెండోసారి చూసినా అంతే ఉంటే, ఇక ఆసుపత్రికి బయలుదేరడమే. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు మామూలుగానే అంకె తక్కువుంటుంది. వాళ్ళ హద్దు ఎంతో డాక్టరును ముందే అడగాలి.

ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఎక్కువ కన్నేసి ఉండండి. జ్వరం తగ్గింది కదా అనుకునే సమయంలోనే కొందరికి ఊపిరితిత్తుల్లో వాపు మొదలవుతుంది. ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసం తెలియకపోవడం ఈ జబ్బులో కనిపించింది. మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు, అంకె మాత్రం 88 ఉంటుంది. మరోవైపు అంకె బాగున్నా సరే, ఊపిరి ఆడక వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, ఛాతీలో నొప్పి వదలకపోయినా, పొంతనలేని మాటలు వస్తున్నా, లేపితే లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా ఆక్సీమీటర్ చూస్తూ కూర్చోకండి, అంబులెన్స్ పిలవండి.

మందుల్లో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటూ, జలుబుకు ఇంకో మాత్ర వేసుకుంటారు, అందులోనూ పారాసెటమాలే ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజంతటికీ కలిపి 4 గ్రాములు దాటకూడదు, కాలేయం జబ్బున్నవాళ్ళకు అంత కూడా పనికిరాదు. అట్ట మీద అక్షరాలు చదవండి.

రెండోది స్టెరాయిడ్, అంటే వాపునూ రోగనిరోధక వ్యవస్థనూ అణిచే మందు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ రోగుల మీద మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితాలు వచ్చాయి: ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకు మేలు చేయలేదు. ఎవరికో పనిచేసిందని మొదటి రోజే ఇంట్లో స్టెరాయిడ్ వేసుకుంటే వైరస్‌తో పోరాడుతున్న శరీరం చేతులు కట్టేసినట్టే, షుగరు ఉంటే అది కూడా చుక్కలనంటుతుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకే గానీ వైరస్‌కు కాదు.

"నాకు ఇమ్యూనిటీ లేదేమో"

ఈ దిగులు జ్వరం కన్నా ఎక్కువమందిని తినేస్తోంది. రెండోసారి, మూడోసారి పాజిటివ్ వచ్చినవాళ్ళు ఇదే అడుగుతారు. వాళ్ళకు ముందు చెప్పవలసింది: మళ్ళీ రావడం మీ శరీరం తప్పు కాదు. ఒకసారి జబ్బుపడ్డాకో టీకా వేసుకున్నాకో వచ్చే యాంటీబాడీలు (వైరస్‌ను పట్టుకునేందుకు శరీరం తయారుచేసే ప్రోటీన్లు) కొన్ని నెలల్లో తగ్గిపోతాయి. అది మామూలే, అవసరం తీరాక శరీరం వాటిని అంత ఎత్తున తయారుచేస్తూ ఉండదు. పైగా వైరస్ తన పై ప్రోటీన్‌ను మార్చుకుంటూ పోతుంది, పాత యాంటీబాడీలు దాన్ని సరిగా పట్టుకోలేవు. అందుకే ముక్కులో, గొంతులో మళ్ళీ అంటుకుంటుంది. కానీ వైరస్‌ను జ్ఞాపకం ఉంచుకునే తెల్ల రక్తకణాలు, అంటే బి కణాలు, టి కణాలు, లోపల ఉంటాయి. వైరస్ రూపం మారినా టి కణాలు దాన్ని చాలావరకు గుర్తుపడతాయి. చాలామందిలో జబ్బు ఊపిరితిత్తుల దాకా పోకుండా ఆగడంలో వాటి పాత్ర పెద్దది. రక్తంలో యాంటీబాడీల అంకె ఒక్కటీ చూసి మీ ఇమ్యూనిటీ ఇంత అని ఎవరూ చెప్పలేరు, ఆ టెస్టు చేయించుకుని దిగులు కొనితెచ్చుకోకండి.

ఇమ్యూనిటీని "పెంచడం" అన్న మాటే నాకు నచ్చదు. అది ఒక ట్యాంకు కాదు, పోస్తే నిండేందుకు. కోవిడ్‌లో చనిపోయినవాళ్ళలో కొందరిని దెబ్బతీసింది తక్కువ ఇమ్యూనిటీ కాదు, అదుపు తప్పి సొంత ఊపిరితిత్తుల మీదే విరుచుకుపడిన రోగనిరోధక వ్యవస్థ. కావలసింది సరైన సమయంలో లేచి, పని అయ్యాక తగ్గే శక్తి. నిద్ర, పొగ మానడం, షుగరు అదుపులో ఉండడం, టీకా దానికి సాయం చేస్తాయి. జ్వరం, నీరసం, ఒళ్ళునొప్పులు ఆ పోరాటం జరుగుతోందనడానికి గుర్తులే. అప్పుడు మీరు చేయగలిగింది పడుకోవడం, నీళ్ళు తాగడం.

ఇమ్యూనిటీ బూస్టర్ల పేరుతో అమ్మే మాత్రల సంగతి సూటిగా చెబుతాను. లోపం ఉన్న విటమిన్‌ను డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవడం వేరు, భయంతో గుప్పెడు మింగడం వేరు. జింక్ పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గిపోయి రక్తహీనత, నరాల జబ్బు వస్తాయి. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది. అది శ్రుతిమించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. కొన్ని మూలికల మాత్రలు కాలేయానికి కీడు చేస్తాయి.

నిజంగానే రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు వేరే ఉన్నారు: అవయవ మార్పిడి, క్యాన్సర్ చికిత్స, రోగనిరోధక శక్తిని అణిచే రిటుక్సిమాబ్ లాంటి మందులు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు, చికిత్స అందని హెచ్ఐవి. మీరు వాళ్ళలో ఒకరైతే భయంతో ఆ మందులను మీ అంతట మీరు ఆపకండి. మార్పిడి చేసిన కిడ్నీని శరీరం తిప్పికొట్టడం కోవిడ్ కన్నా పెద్ద ఆపద కావచ్చు. పాజిటివ్ అని తెలిసిన గంటలోనే మీ డాక్టరుకు ఫోన్ చేయండి.

గదిలో రాత్రులు

పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఛాతీ బిగిసినట్టుంటుంది, వేళ్ళు జివ్వుమంటాయి, ఊపిరి అందడం లేదనిపిస్తుంది. ఆక్సీమీటర్ 97, 98 చూపిస్తూ, మెల్లగా ముక్కుతో పీల్చి పెదాలు సన్నగా చేసి వదులుతుంటే ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటే, అది చాలాసార్లు భయం వల్ల వచ్చే ఆయాసమే. సర్దుకోకపోతే మొహమాటం లేకుండా ఎవరినైనా లేపండి.

ఎవరి వల్ల వచ్చింది, నా వల్ల ఎవరికి పోయింది అన్న లెక్క ఆ గదిలో పెట్టుకోకండి. ఎవరూ కావాలని అంటించరు. బయట ఉన్నవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయం, తలుపు అవతల కుర్చీ వేసుకుని కాసేపు మామూలు కబుర్లు చెప్పడం. నా గది బయట ఒకరు రోజూ సాయంత్రం అలా కూర్చునేవారు. జబ్బు ఊసు రానిచ్చేవారు కాదు. ఆ అరగంట కోసం నేను పొద్దుటినుంచీ చూసేదాన్ని.

బయటికి వచ్చాక

నెగెటివ్ వచ్చిన మర్నాడే పాత వేగంతో పనిలో పడకండి. కాస్త ఓపిక వచ్చిందని ఒకరోజు అన్ని పనులూ చేస్తే, మర్నాడో ఆ మర్నాడో మంచానికి అతుక్కుపోయేవాళ్ళు ఉన్నారు. అలా జరిగితే ఒంటిని బలవంతపెట్టకండి, అలసట రాకముందే ఆగిపోయేటట్టు పనిని ముక్కలు చేసుకోండి. వాసన రానివాళ్ళు గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి లాంటి నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటీ కొద్ది సెకన్లపాటు మనసుపెట్టి పీల్చడం నెలల తరబడి చేయవచ్చు. మెల్లగానైనా చాలామందికి వాసన తిరిగి వస్తుంది. నడుస్తుంటే గుండె దడ, ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వ్యాయామం ఆపి డాక్టరుకు చూపించుకోండి. జబ్బు మొదలై మూడు నెలలైనా నీరసం, మతిమరుపు, ఆయాసం వదలకుండా వేధిస్తుంటే దానికి లాంగ్ కోవిడ్ అని పేరుంది, మనసు కల్పించిన జబ్బు కాదు. ఎవరైనా అలా కొట్టిపారేస్తే ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు గదిలో రాసుకున్న నోట్‌బుక్ కూడా పట్టుకెళ్ళండి.