పాత టేకు స్తంభాల ఇంటిని దుకాణంగా మార్చేటప్పుడు

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ వెనుక సందుల్లోనో, పాతబస్తీలోనో పూర్వీకుల ఇల్లు మిగిలి ఉన్నవారికి ఏదో ఒకనాడు దాని ముందుభాగాన్ని దుకాణంగా మార్చాలన్న ఆలోచన వస్తుంది. మేస్త్రీని పిలిపిస్తే ఆయన అడిగే మొదటి మాట ‘ఏ గోడ తీసేయాలి?’ అని. దానికి జవాబు చెప్పేముందు ఆ ఇంటి బరువు ఏ దారిన నేలకు దిగుతోందో తెలుసుకోవాలి.

ఈ ఇళ్లు అచ్చంగా కట్టెతోనే కట్టినవి కావు. బయటి గోడలు రాయినీ ఇటుకనూ డంగు సున్నంతో, అంటే గానుగలో ఆడించిన సున్నంతో, పేర్చిన మందపు గోడలు. ఇంటి నడుమ పైకప్పు లేని వాకిలి చుట్టూ, ముందు వసారాలోనూ టేకు స్తంభాలు నిలబడి ఉంటాయి. స్తంభాల తలల మీద దూలాలు, దూలాల మీద దగ్గరదగ్గరగా దంతెలు (సన్నని అడ్డకట్టెలు) వేసి, వాటిపై ఇటుకలో షాబాదు బండలో పరిచి, సున్నపు గచ్చు కొట్టి మిద్దె కట్టారు. కనుక స్తంభాల మధ్య తరువాతి కాలంలో లేచిన పలుచని అడ్డుగోడలను తరచుగా తీసేయవచ్చు గాని, దంతెల కొసలు దూరి ఉన్న గోడను ముట్టుకోరాదు. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో ముందుభాగం కోల్పోయిన ఇళ్లలో మరింత జాగ్రత్త అవసరం: ఒకప్పుడు స్తంభం మీద ఆనిన దూలం కొస, ఇప్పుడు హడావుడిగా కట్టిన ఒంటి ఇటుక గోడ మీద ఆని ఉండవచ్చు. చూడటానికి అది అడ్డుగోడలాగే ఉంటుంది, మోసేది మాత్రం ఇంటి సగం బరువు.

తరువాత చూడవలసినది స్తంభం పాదం. ఆ కాలపు వడ్రంగులు టేకును నేలలో పాతలేదు, రాతి దిమ్మ మీద నిలిపారు. నేల తేమ రాతి దగ్గరే ఆగిపోవాలన్నది వారి ఉద్దేశం. మన నగరంలో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో వీధి మట్టం ఇంటి గడపను దాటి లేచింది. వాన పడితే నీళ్లు లోపలికి వస్తాయి, అందుకని దుకాణం పెట్టేవారు ముందుగా నేలను ఎత్తు చేసి టైల్స్ పరిపిస్తారు. మా తాతగారి ఇంట్లోనూ అదే చేశాము. తొమ్మిది అంగుళాలు ఎత్తు చేసేసరికి దిమ్మలన్నీ కాంక్రీటులో మునిగిపోయి, టేకు పాదాలు తడి నేలను తాకాయి. కొన్నేళ్లకు ఒక స్తంభం మొదట్లో రంగు కొద్దిగా ఉబ్బినట్లు కనిపిస్తే స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. అది పిడిదాకా దిగింది. పైన రంగు నిగనిగలాడుతోంది, లోపల తడిసిన అట్టలా ఉంది. చివరకు జాకీలతో దూలాన్ని పట్టి నిలిపి, కుళ్లిన మేర కోసి, అంత ఎత్తు గల కొత్త రాతి దిమ్మను అడుగున కూర్చవలసి వచ్చింది. నేల ఎత్తకుండా గడప దగ్గర ఒక మెట్టు కట్టి, దాని ముందు జాలీ వేసిన కాలువ తీసి ఉంటే ఈ ఖర్చు ఉండేది కాదు.

దూలాల పరీక్షకు చిన్న సుత్తి, టార్చిలైటు, ఒక దారం చాలు. కట్టెను తడుతూ పోతే గట్టి చోట గణగణమంటుంది, చెద తిన్న చోట బోలుగా మోగుతుంది. దూలం కొస గోడలోకి దూరే చోటును అన్నిటికంటే ఎక్కువసేపు చూడాలి, ఎందుకంటే పైనుంచి కారిన నీరు చేరేది అక్కడికే. రెండు కొసల మధ్య దారం లాగి చూస్తే 12 అడుగుల దూలం నడుమ అర అంగుళం వంగి ఉండటం వయసు వల్ల కూడా కావచ్చు. ఆ వంపు పెరుగుతోందా అన్నది తేల్చుకోవడానికి గుర్తు పెట్టి, ఒక వానాకాలం దాటేదాకా చూడటం మంచిది.

ఇంటికీ దుకాణానికీ అసలు తేడా బరువులో ఉంది. కట్టడాలు మోయవలసిన బరువులను చెప్పే మన దేశ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదుల నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలి, చిల్లర దుకాణం నేల సుమారు 400 కిలోలు మోయాలి. టోకు దుకాణమైతే 600 కిలోలు. కనుక పై అంతస్తులో బట్టల తానుల గోదాము పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరుతో లెక్క వేయించకుండా ఒక్క రాక్ కూడా ఎక్కించరాదు. సరుకు కోసం కొత్తగా అటక కావాలంటే దాన్ని పాత దూలాలకు వేలాడదీయకుండా నేల నుంచి సొంత ఇనుప కాళ్ల మీద నిలపాలి.

ఏసీ పైపు కోసమో వైరు కోసమో దూలం అడుగున గాడి కోయడం నేను చూసినవాటిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. వంపును తట్టుకునే బలం దూలం లోతు వర్గాన్ని, అంటే లోతును లోతుతోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి ఉంటుంది. 12 అంగుళాల దూలాన్ని నడుమన 2 అంగుళాలు కోస్తే ఆ చోట సుమారు 30 శాతం బలం పోతుంది. పైపును దూలం పక్కగా క్లాంపులతో తీసుకుపోతే కాస్త కనిపిస్తుంది, అంతే.

గోడలకు సిమెంటు ప్లాస్టరు వేయించకండి. సున్నపు గోడ తేమను పీల్చి బయటకు వదులుతుంది. సిమెంటు పొర ఆ దారి మూసేస్తే తడి గోడలోపలే నిలిచి, అందులో దాగిన దూలం కొసలను కుళ్లబెడుతుంది. గానుగలో ఆడించిన సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపే మేస్త్రీలు తక్కువే అయినా దొరుకుతారు. వారికి తొందర ఉండదు, మనమూ పెట్టకూడదు.

మందమైన టేకు దూలం నిప్పులో పైపైన బొగ్గవుతూ నిదానంగా కాలుతుంది. ఇనుప గర్డరు మాత్రం 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం కోల్పోతుంది. అందుచేత ‘కట్టె ఇల్లు, అంటుకుంటుంది’ అని భయపడి టేకు తీసి ఇనుము పెట్టనక్కర లేదు. ప్రమాదమంతా పాత వైర్లలోనూ సరుకులోనూ ఉంది. వైరింగు మొత్తం మార్చి పైకి కనిపించే గొట్టాల్లో నడిపించాలి. ఫాల్స్ సీలింగు వేస్తే దాని వెనుక వైరు కాలినా చెద పట్టినా తెలియదు కనుక నా మటుకు నేను వద్దంటాను.

పని మొదలుపెట్టే ముందు అనుమతుల సంగతి తేల్చుకోవాలి. చార్మినార్ వంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, మరమ్మతుకు కూడా అనుమతి కావాలి; ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇల్లు వారసత్వ జాబితాలో ఉంటే 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం కూడా వర్తిస్తుంది.

బోర్డు చివరి పని. దాన్ని దూలానికి మేకులు కొట్టి బిగించకుండా, గోడలో రాళ్ల మధ్య సున్నపు అతుకుల్లో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు దించి నిలపాలి. రేపు దుకాణం మారినప్పుడు బోల్టు తీసి సున్నం పూస్తే గోడ మళ్లీ మొదటిలాగే ఉంటుంది.