స్లాబ్ పోయించేవాళ్లకు ఒక లెక్కల టీచరు చెప్పే మాటలు

మా నాన్న 1989లో జగ్గయ్యపేటలో పోయించిన స్లాబు ముప్పై ఏళ్లు దాటగానే పెచ్చులూడటం మొదలుపెట్టింది. ఒకరోజు పొయ్యి పక్కనే అరచేయంత పెచ్చు పడింది. తలెత్తి చూస్తే చువ్వ ఎర్రగా తుప్పు పట్టి, ఉబ్బి కనిపించింది. కొట్టించినప్పుడు తెలిసింది, చువ్వల కింద కాంక్రీటు పొర చాలాచోట్ల అప్పడం మందాన కూడా లేదు.

కాంక్రీటు పర్యావరణానికి మంచిదేనా టీచర్ అని పిల్లలు అడిగితే, ముందు ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పమంటాను. మా ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే, సిమెంటుగా నూరే క్లింకర్ గడ్డ వస్తుంది. బొగ్గు పొగ ఒక్కటే కాదు, ఆ రాయిలోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ముప్పై ఏళ్లకే కూలగొట్టి మళ్లీ పోస్తే ఆ పొగంతా రెండోసారి. సరిగ్గా పోస్తే మాత్రం చెద పట్టదు, నిప్పు అంటుకోదు, మనవల కాలం దాకా దాని జోలికి పోనక్కర్లేదు. కిందటేడు మార్చిలో కొత్త స్లాబు పోయించాను. డిజైన్ ఇంజనీరుగారిది, కాపలా నాది.

ముందు సిమెంటు. స్లాబుకి ఓపీసీయే, అంటే బూడిద కలపని మామూలు సిమెంటే వాడాలని చాలామంది పట్టుబడతారు. నేను పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు తెప్పించాను. అందులో థర్మల్ కేంద్రాల బూడిద 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ దగ్గర గుట్టలుగా పడి ఊళ్ల మీదికి ఎగిరే బూడిద ఇలాంటిదే. మా స్లాబు వెయ్యి చదరపు అడుగులు, ఐదు అంగుళాల మందం, కాంక్రీటు బలం గ్రేడు ఎం20. సుమారు 95 బస్తాలు పట్టింది. బూడిద 30 శాతం అనుకుంటే క్లింకర్ దాదాపు 1400 కిలోలు తగ్గినట్టు, గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్ ఒక టన్ను పైచిలుకు తగ్గినట్టు. పైగా బూడిద కలిసిన కాంక్రీటు నిదానంగా అయినా చిక్కగా గట్టిపడుతుంది, నీటిని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. ఆ నిదానానికి మనం ఓపిక పట్టాలి, అంతే.

ఇక నీళ్లు. గొడవంతా ఇక్కడే. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు పోయండి, 27 దాటనివ్వద్దు. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఈ లెక్కలోవే. సిమెంటు రసాయనికంగా పట్టుకునేది ఇందులో సగం లోపే. మిగతాది మాలు కలవడానికి, పరుచుకోవడానికి. అంతకు మించి పోసిందల్లా ఆరిపోయి సన్నటి రంధ్రాలు మిగుల్చుతుంది. వాటిలోంచే గాలీ తేమా చువ్వను చేరతాయి. మాలు కలిపే మిల్లరు దగ్గర నీళ్ల పైపు పట్టుకునే కుర్రాడికి ఇవేవీ పట్టవు. అందుకే పైపు తీయించి, 20 లీటర్ల పెయింటు బకెట్టు ఒకటి, 5 లీటర్ల క్యాను ఒకటి పెట్టాను. పొడి ఇసుకైతే బస్తాకు బకెట్టు, క్యాను. అయిపోయింది.

"మేడమ్, ఇంత గట్టిగా ఉంటే మాలు మూలలకు పోదు, మా నడుములు పోతాయి" అన్నాడు మేస్త్రి. ఆయన బాధా నిజమే. అందుకే ముందుగానే, నీళ్లు పెంచకుండా మాలును జారుడుగా చేసే ప్లాస్టిసైజర్ మందు తెప్పించి డబ్బా మీద రాసిన కొలతలో కలిపించాను, మాలును అదిరించి మూలలకు దింపే నీడిల్ వైబ్రేటర్ కూడా మాట్లాడి పెట్టాను. మధ్యాహ్నానికి నడుముల మాట మళ్లీ రాలేదు.

చువ్వల కింద కంకర రాళ్లు పెడతామంటే ఒప్పుకోకండి. తొక్కుడుకు అవి పక్కకు జారిపోతాయి. చువ్వను అచ్చుకు తగలకుండా ఎత్తి పెట్టే కవర్ బ్లాకులు వాడండి, స్లాబుకి 20 మిల్లీమీటర్లవి, పిల్లర్లకు 40వి. కాంక్రీటులోని క్షారగుణమే చువ్వకు కవచం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని చంపుతుంది. పొర ఎంత మందంగా, చిక్కగా ఉంటే చువ్వకు అంత ఆయుష్షు. పైవరస చువ్వలకు కింద వంచిన చువ్వల కుర్చీలు పెట్టించి, తట్టలు మోసేవాళ్లు నడవడానికి పలకలు వేయించండి. లేకపోతే సాయంత్రానికి పైవరస కిందికి దిగి కూర్చుంటుంది.

పోత అయ్యాక అందరూ బిర్యానీ తిని వెళ్లిపోతారు. మన పని అప్పుడే మొదలు. మర్నాడు గట్లు కట్టించి, వరి మడిలా రెండంగుళాల నీళ్లు నిలబెట్టండి. పీపీసీకి కనీసం 10 రోజులు, మన ఎండలకు 14. మడి కట్టడం కుదరని బీముల పక్కలకు తడి గోనెసంచులు. రోజుకు రెండుసార్లు పైపుతో చిలకరిస్తే చాలనుకోవద్దు. మార్చి ఎండకు గంటలో ఆరిపోయి, సన్నటి పగుళ్లు వస్తాయి. నేను తేదీని బొగ్గుతో మెట్ల గోడ మీద రాసి రోజూ గీత గీశాను.

ఎనిమిదో రోజున సెంట్రింగ్ రేకులు, అంటే స్లాబు కింది అచ్చు, ఇంకో పనికి కావాలని ఫోన్ వచ్చింది. ఓపీసీ అయితే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి వారంలో పోట్లు (కింద నిలబెట్టిన ఆసరా గుంజలు) తీయొచ్చు. మాది పీపీసీ. వారం రోజుల అద్దె అదనంగా ఇచ్చి పదిహేనో రోజునే తీయించాను.

పాత స్లాబు ముక్కలను చెత్తకుప్పకు పంపలేదు. పగలగొట్టించి వాకిలి ఎత్తు పెంచడానికి నింపేశాం, ఇనుము పాతసామాన్లకు పోయింది. కాంక్రీటుతో తంటా ఒకటుంది, పగటి వేడిని దాచుకుని రాత్రి మన మీదికి వదులుతుంది. మే నెలకు ముందే పైన సున్నం రెండు పూతలు వేయించాను. ఏటా వేసుకోవాలి. ఈసారి ఉగాది వారంలోనే కూలీలను మాట్లాడుకున్నాను, మేలో అయితే దొరకరు.