విఫలమైన సైనిక తిరుగుబాటులో ఎవరు ఎటువైపో తేల్చడం ఎలా

తిరుగుబాటు విఫలమయ్యాక రాసిన జ్ఞాపకాల్లో అందరూ మొదటి నుంచీ ప్రభుత్వం వైపే ఉంటారు. కాబట్టి వాటితో మొదలుపెట్టకండి. ముందు ఒక పట్టిక గీయండి: అడ్డంగా గంటలు, నిలువుగా దళాలు. ప్రతి గడిలోనూ ఆ గంటలో ఆ దళం ఎవరి మాట మీద కదిలిందో, ఎవరి మాట మీద ఆగిందో రాయండి. అభిప్రాయాలు వద్దు, కదలికలే.

సాధనకు స్పెయిన్‌లో 1981 ఫిబ్రవరి 23ని మించింది లేదు. సాయంత్రం 6.23కి లెఫ్టినెంట్ కల్నల్ తెహెరో సుమారు 200 మంది సివిల్ గార్డులతో (స్పెయిన్‌లో సైనిక తరహా పోలీసులు) పార్లమెంటులోకి చొరబడ్డాడు. టీవీలో కనిపించింది అతనే. కానీ తలుపు బద్దలు కొట్టినవాడూ, సైన్యాన్ని కదిలించినవాడూ, రేపు కుర్చీ ఎక్కాలనుకున్నవాడూ ఒకరే కానక్కర్లేదు. ఈ ముగ్గురికీ మూడు వేర్వేరు వరుసలు పెట్టండి. ఇక్కడ వరుసగా తెహెరో, వలెన్సియా వీధుల్లోకి ట్యాంకులు పంపిన అక్కడి సేనాని మిలాన్స్ దెల్ బోష్, ఒకప్పుడు రాజు కార్యాలయ కార్యదర్శిగా చేసిన జనరల్ అర్మాదా.

తర్వాత ఆదేశాలు ఎవరి పేరు మీద వెళ్లాయో చూడండి. మిలాన్స్ ప్రకటనను నిదానంగా చదవండి: రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా కర్ఫ్యూ పెట్టింది, సమ్మెలు నిషేధించింది, ఇదంతా రాజుగారి నుంచి సూచనలు వచ్చేదాకానే అంది. రాజ్యాంగాన్ని పక్కకు నెట్టినవాడు రాజు పేరు మాత్రం వదల్లేదు. అంటే అతని విధేయత ప్రభుత్వానికి కాదు, సింహాసనానికి. ఈ తేడా పట్టుకోకపోతే ఆ రాత్రి జరిగింది అర్థం కాదు.

ఎక్కువ సమయం గోడమీది పిల్లుల మీద పెట్టండి. ఫలితం తేలేది వాళ్ల దగ్గరే. మాడ్రిడ్ దగ్గరి బ్రునేతె డివిజన్ కదలడానికి సిద్ధమవుతుంటే, దాని కమాండర్ హుస్తే రాజభవనానికి ఫోన్ చేసి అర్మాదా అక్కడున్నాడా అని అడిగాడు. "లేడు, వస్తాడని ఎవరూ ఎదురుచూడటమూ లేదు" అన్నాడు రాజు కార్యదర్శి. కుట్రకు రాజు అండ ఉందన్న నమ్మకం అక్కడే కూలింది, డివిజన్ ఆగింది. ఈలోగా రాజు హువాన్ కార్లోస్ తిరుగుబాటుకు తన మద్దతు లేదని ప్రాంతీయ సేనానులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు, రాత్రి 1 దాటాక సైనిక దుస్తుల్లో టీవీలో కనిపించి అదే మాట చెప్పాడు. టీవీ ప్రసంగానికి ముందే సర్దుకున్నవాళ్లనూ, తర్వాత సర్దుకున్నవాళ్లనూ వేరు రంగుల్లో గుర్తించండి.

కుట్రదారుల మధ్య చీలికను విడిగా వెతకాలి. అర్ధరాత్రి వేళ అర్మాదా పార్లమెంటుకు వెళ్లి, తాను ప్రధానిగా ఒక ప్రభుత్వాన్ని ప్రతిపాదించాడు. ఆ జాబితాలో సోషలిస్టులు, కమ్యూనిస్టులు కూడా ఉన్నారని వినగానే తెహెరో ఒప్పుకోలేదు. ఒకే కుట్రలో ఉన్న ఇద్దరికీ కావలసిన ప్రభుత్వాలు వేరు.

అన్నిచోట్లా పైవాళ్లనే చూస్తే సరిపోదు. 1961 ఏప్రిల్‌లో, అప్పటికి ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియాలోని అల్జీర్స్‌లో నలుగురు ఫ్రెంచి జనరళ్లు తిరగబడ్డారు. నిర్బంధ సేవలో ఉన్న సైనికులు మాత్రం ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఫ్రాన్స్ అధ్యక్షుడు దగాల్ ప్రసంగం విని, తిరుగుబాటు అధికారుల మాట వినడం మానేశారు. అలాంటి సందర్భంలో మీ పట్టికలో సాధారణ సైనికులకూ ఒక వరుస ఉండాలి.

శిక్షలను కొలబద్దగా వాడేటప్పుడు జాగ్రత్త. స్పెయిన్‌లో తెహెరో, మిలాన్స్‌లకు 30 ఏళ్లు పడ్డాయి. అర్మాదాకు సైనిక న్యాయస్థానం 6 ఏళ్లే వేస్తే, 1983లో సుప్రీంకోర్టు దాన్ని 30కి పెంచింది. చేసిన పని అదే, మారింది కోర్టు. ఇక ఏ ఆధారమూ దొరకని దళం గడిని ఖాళీగానే వదిలేయండి, కదలని దళాన్ని విశ్వాసపాత్రుల లెక్కలో వేయకండి.