విల్సన్ వ్యాధి: పేరుకున్న రాగిని పరీక్షల్లో పట్టుకోవడం ఎలా?

మద్యం ముట్టని పదహారేళ్ల కుర్రవాడికి కామెర్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నా, చక్కగా రాసే అమ్మాయి చేతిరాత కొద్ది నెలల్లో చెడిపోయి మాట ముద్దగా వస్తున్నా, విల్సన్ వ్యాధి ఉందేమో చూడమని వైద్యుణ్ణి మీరే అడగండి. 1912లో నరాల వైద్యుడు కిన్నియర్ విల్సన్ వివరించిన ఈ జన్యువ్యాధి అరుదైనదే అయినా మందులకు లొంగుతుంది కనుక, పసరు వేయించి నెలలు గడిపితే జరిగే నష్టం మామూలుది కాదు.

ఆహారంతో వచ్చే రాగిలో అవసరానికి మించినదాన్ని కాలేయం పిత్తరసంలో కలిపి బయటకు పంపుతుంది. ఏటీపీ7బీ అనే జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉన్నవారిలో ఈ పని కుంటుపడి, రాగి కాలేయంలోనే పేరుకుని వాపునూ, క్రమంగా సిర్రోసిస్‌నూ (కాలేయం గట్టిపడి మచ్చలు కట్టడం) తెస్తుంది. అక్కడ పట్టనిది రక్తంలోకి చేరి, మెదడులో కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియాలోనూ, కంటి ముందుండే పారదర్శక పొర అయిన కార్నియా అంచునా నిలుస్తుంది. చిన్నపిల్లల్లో కాలేయ లక్షణాలు, యుక్తవయసులో వణుకు, బిగుసుకుపోవడం, చొంగ కారడం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. కొందరిలో అకారణ కోపం, చదువులో వెనకబాటు ముందుగా బయటపడతాయి. వాటిని పొగరుగా లెక్కగట్టే ఇళ్లు తక్కువేమీ కావు.

రాయలసీమ నుంచి బెంగళూరుకు వచ్చేవారు, నరాల లక్షణాలు ప్రధానమైతే హోసూరు రోడ్డులోని, నరాల, మానసిక వ్యాధులకు పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రికీ, కామెర్లు, పొట్ట ఉబ్బు ప్రధానమైతే కాలేయ విభాగమున్న ఆసుపత్రికీ వెళ్లడం మేలు. కామెర్లతో పాటు మగత కమ్మితే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అదేరోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి; అలాంటి స్థితిలో కాలేయ మార్పిడి తప్ప దారి లేకపోవచ్చు.

కంటి వైద్యులు స్లిట్ ల్యాంపు అనే, కంటిని పెద్దదిగా చూపే పరికరంతో కార్నియా చుట్టూ గోధుమ రంగు వలయం ఉందేమో చూస్తారు. మెదడు లక్షణాలున్న వారిలో ఇది దాదాపు అందరికీ ఉంటుంది కానీ, కాలేయం మాత్రమే దెబ్బతిన్నవారిలో చాలామందికి కనిపించదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీను సాధారణంగా డెసీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పైన ఉండాలి. ఇక్కడే ఒక తికమక ఉంది: రక్తంలోని రాగిలో ఎక్కువ భాగం ఈ ప్రోటీనుకే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, ప్రోటీను తగ్గినప్పుడు రిపోర్టులో మొత్తం రాగి కూడా తక్కువగానే వస్తుంది; అది చూసి జబ్బు లేదనుకోకండి.

ఆ చిక్కు విప్పేది 24 గంటల మూత్ర పరీక్ష. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని వదిలేసి సమయం రాసుకుని, అక్కడి నుంచి ప్రతిసారీ ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టి, మర్నాడు అదే సమయానికి వచ్చినదాన్ని కూడా కలపాలి. మధ్యలో ఒక్కసారి వదిలేసినా లెక్క తప్పుతుంది. స్టీలు గిన్నెలోనో రాగి చెంబులోనో పట్టి పోయకూడదు. లక్షణాలున్న వారిలో ఆ మూత్రంలోని రాగి 100 మైక్రోగ్రాములు దాటితే అనుమానం బలపడుతుంది. అప్పటికీ తేలకపోతే జన్యు పరీక్షో, కాలేయ ముక్క పరీక్షో చేస్తారు.

ఒక బిడ్డకు నిర్ధారణ అయితే, లక్షణాలేవీ లేకపోయినా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. ఒక్కొక్కరికి ఈ వ్యాధి ఉండే అవకాశం 25 శాతం. మేనరికాలు సాగుతున్న కుటుంబాల్లో దగ్గరి బంధువుల సంగతి కూడా వైద్యుడికి చెప్పండి. లక్షణాలు రాకముందే మందు మొదలైనవారు సాధారణ జీవితం గడపగలరు.

ఒంట్లోని రాగిని మూత్రంలో బయటకు పంపే పెన్సిలమిన్ మందును ఖాళీ కడుపుతో వేసుకోవాలి; జింక్ కూడా రాసిస్తే రెంటినీ ఒకే వేళకు కలపకూడదు. మొదటి వారాల్లో వణుకు పెరిగినా, జ్వరం, దద్దుర్లు వచ్చినా వెంటనే వైద్యుడికి తెలియజేయండి కానీ, సొంతంగా మానేయవద్దు. బాగున్నామనిపించినప్పుడు మానేయడమే అన్నింటికన్నా ప్రమాదం, ఎందుకంటే కాలేయం హఠాత్తుగా విఫలమయ్యే ముప్పు అప్పుడే ఎక్కువ. గర్భం దాల్చినా మందు ఆపరు, మోతాదు మాత్రమే సవరిస్తారు. మేక కాలేయం, రొయ్యలు, చాక్లెట్, జీడిపప్పు తగ్గించి, రాగి బిందెలోనూ రాగి సీసాలోనూ నిలవ ఉంచిన నీళ్లు పూర్తిగా మాన్పించండి.